నీటి ల్యాబ్‌లో మనవాడి నీలి రంగు

ఏటూరునాగారం దగ్గర గోదావరిలో దిగి ఒక సీసాలో నీళ్లు పట్టండి. ఎండాకాలమైతే తేటగానే కనిపిస్తాయి. తేటగా ఉన్నాయంటే మంచివేనా? చూసి ఎవరూ చెప్పలేరు. వాసన చూసి కొంత చెప్పొచ్చు, అదీ పూర్తిగా కాదు. ఆ నీళ్లలో కలిసిన సేంద్రియ పదార్థం రసాయనికంగా ఆక్సీకరణం చెందాలంటే ఎంత ఆక్సిజన్ కావాలో కొలిస్తే మాత్రం ఒక అంకె వస్తుంది. దాన్నే కెమికల్ ఆక్సిజన్ డిమాండ్, పొట్టిగా సీఓడీ అంటాం. ఆ అంకె ఎక్కువగా ఉందంటే, నదిలోని చేపకి దక్కాల్సిన ఆక్సిజన్‌కి వేరే వాటాదారు వచ్చాడన్నమాట.

ఈ ప్రాంతం వాళ్లకి సీఓడీ కొత్త మాటేం కాదు. పక్కనే మంగపేట మండలం కమలాపురంలో రేయాన్ గుజ్జు ఫ్యాక్టరీ 2014లో ఆగిపోయేదాకా నడిచింది. గుజ్జు పరిశ్రమ ఎక్కడున్నా దాని వ్యర్థజలాలకి మొదట చేసే పరీక్షల్లో సీఓడీ ఒకటి. కర్రలోంచి దిగిన లిగ్నిన్‌తో ఆ నీళ్లు డికాక్షన్ రంగులో ఉంటాయి. శుద్ధి చేశాక రంగు తగ్గుతుంది. కానీ రంగు తగ్గినంత మాత్రాన సీఓడీ తగ్గినట్టు కాదు, అది ల్యాబ్‌లో తేలాల్సిందే.

బీఎస్సీ కెమిస్ట్రీ చదివిన వాళ్లు ఇది చేతులతో చేసే ఉంటారు, లేదా రికార్డులో రాసుంటారు (రెండూ ఒకటి కావని మీకూ తెలుసు). 20 మిల్లీలీటర్ల నమూనా తీసుకోవాలి. కొలిచిన పొటాషియం డైక్రోమేట్ కలపాలి. సిల్వర్ సల్ఫేట్ కరిగించిన గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం పోయాలి. క్లోరైడ్లు అడ్డం రాకుండా మెర్క్యూరిక్ సల్ఫేట్ వేయాలి. 2 గంటలు రిఫ్లక్స్ చేయాలి. మిగిలిపోయిన డైక్రోమేట్‌ని ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్‌తో టైట్రేట్ చేయాలి. ఫెరాయిన్ సూచిక వేశాక నీలి ఆకుపచ్చ కాస్తా ఇటుక ఎరుపుకి తిరిగే చోట బ్యూరెట్ ఆపాలి. నమూనా బదులు డిస్టిల్డ్ వాటర్ పెట్టి ఇదంతా ఇంకోసారి చేస్తే అది బ్లాంక్.

ఇక లెక్క చూడండి. బ్లాంక్‌కి 0.1 నార్మల్ ద్రావణం 25 మిల్లీలీటర్లు పట్టిందనుకుందాం. నమూనాకి 19 పట్టింది. తేడా 6. దాన్ని 0.1తో, 8000తో గుణించి 20తో భాగిస్తే లీటరుకి 240 మిల్లీగ్రాములు. నదిలోకి వదిలే వ్యర్థజలాలకి పర్యావరణ పరిరక్షణ నియమాల్లో సాధారణ పరిమితి 250. అంటే పాస్. బ్యూరెట్ 19 దగ్గర కాకుండా 18.5 దగ్గరే ఆగి ఉంటే? 260. ఫెయిల్. మధ్యలో ఉన్నది అర మిల్లీలీటరు, పది చుక్కలు. ఆ పది చుక్కల దగ్గర నిలబడిన మనిషి కళ్లూ, నిజాయితీ, ఓపిక కలిపి ఆ నివేదిక.

అదే నిబంధనల పట్టికలో సీఓడీతో పాటు ఇంకో వరస ఉంటుంది: కరిగిన ఫాస్ఫేట్లు, ఫాస్ఫరస్‌గా లెక్కిస్తే లీటరుకి 5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఫాస్ఫరస్ ఎక్కువైతే చెరువులో నాచు పెరుగుతుంది. నాచు చచ్చి కుళ్లితే మళ్లీ ఆక్సిజనే ఖర్చు. దీన్ని కొలిచే పద్ధతుల్లో ఎక్కువగా వాడేవి రంగు పద్ధతులు. ఫాస్ఫేట్‌కి ఆమ్లంలో మాలిబ్డేట్ కలిపి, క్షయకరణి ఒకటి వేస్తే నీలం వస్తుంది. ఎంత నీలమో అంత ఫాస్ఫరస్. ఈ నీలాన్ని నమ్మదగ్గ పరీక్షగా నిలబెట్టిన ఇద్దరిలో ఒకరు తెలుగువాడు. ఏటూరునాగారం దాటిన గోదావరి భద్రాచలం, రాజమండ్రి మీదుగా వెళ్లి, వశిష్ఠ పాయగా నరసాపురం పక్కన సముద్రంలో కలుస్తుంది. ఆ నీళ్లు పారే సీమలోనే ఆయన పుట్టి పెరిగారు. పేరు యల్లాప్రగడ సుబ్బారావు. మందుల గురించి రాసేవాళ్లంతా ఆయన్ని తలుచుకుంటారు. ల్యాబ్ బెంచ్ దగ్గర్నించి తలుచుకునేవాళ్లు తక్కువ. ఆ వైపు నుంచే ఈ కథ.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు సుబ్బారావు. ఏడుగురు పిల్లల్లో నాలుగోవాడు. ఇంట్లో డబ్బుకి ఎప్పుడూ ఇబ్బందే. చదువు మీద పెద్ద ధ్యాస లేదు. పదమూడేళ్లప్పుడు ఇంట్లోంచి పారిపోయి కాశీకి బయల్దేరాడు. భక్తిగా కాదు, యాత్రికులకి అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదిద్దామని. తల్లి వెంకమ్మ వెనక్కి తెప్పించి, చెవులు పట్టుకుని బళ్లో కూచోబెట్టినంత పని చేసింది. అయినా మెట్రిక్ తప్పాడు. మళ్లీ రాశాడు, మళ్లీ తప్పాడు. తండ్రి పోయాక తల్లి ఒంటిమీది నగలు అమ్మి మద్రాసు పంపితే, అక్కడ హిందూ హైస్కూల్లో చదివి మూడోసారికి గట్టెక్కాడు.

ఇంటర్ ప్రెసిడెన్సీ కాలేజీలో. లెక్కల్లో మంచి చురుకు. అయితే మనసు రామకృష్ణ మిషన్ వైపు లాగింది, సన్యాసం పుచ్చుకుంటానన్నాడు. తల్లి ససేమిరా అంది. మిషన్ పెద్దలు కూడా, వైద్యం చదివితే సేవ చేయొచ్చని దారి మళ్లించారు. అలా మద్రాసు మెడికల్ కాలేజీ. ఫీజులకి కాబోయే మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి సాయం చేశారు. 1919లో ఆయన కూతురు శేషగిరితో పెళ్లయింది.

ఇక్కడ రెండు దెబ్బలు తగిలాయి. ఒకటి చదువులో. గాంధీజీ పిలుపు విని సుబ్బారావు ఖద్దరు గౌను తొడుక్కుని ఆపరేషన్ థియేటర్‌కి వెళ్లారు. సర్జరీ ప్రొఫెసర్‌కి అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగానే రాసినా, చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికంటే తక్కువగా చూసే ఎల్ఎంఎస్. ఆ కాగితంతో మద్రాసు వైద్య సర్వీసులో చేరాలని చూస్తే కుదరలేదు. డిగ్రీ పేరు చూసి పక్కన పెట్టడం ఇప్పుడు మొదలైంది కాదు!

రెండోది ఇంట్లో. అన్నదమ్ములిద్దరు, పురుషోత్తం, కృష్ణమూర్తి, కొద్ది రోజుల తేడాలో స్ప్రూ అనే జబ్బుతో పోయారు. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, మనిషి ఎండిపోతాడు. అప్పట్లో దానికి మందు లేదు. సుబ్బారావుకీ ఆ జబ్బు వచ్చింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నారు. ఆ లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలోనే శరీర నిర్మాణశాస్త్రం చెప్పే ఉద్యోగం దొరికింది. అదే మొదటి కొలువు.

అక్కడ ఆగిపోతే ఒక మంచి మాస్టారుగా మిగిలేవారు. కానీ జబ్బుల మూలం వెతకాలన్న పట్టుదల వదల్లేదు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ, మామగారు కలిసి ఖర్చులకి ఆసరా ఇచ్చారు. 1922 అక్టోబర్ 26న బోస్టన్‌లో దిగారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా చదవడానికి సీటు ఉంది, బతకడానికి డబ్బు లేదు. ఎల్ఎంఎస్‌ని చూపించి ఆసుపత్రిలో డాక్టరుగా చేరే వీలు లేదు. దాంతో పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరు పని. రోగుల మలమూత్రాల పాత్రలు కడగడం అందులో భాగం. ఇంటి నుంచి ఉత్తరాలు వచ్చేవి. ఆయన వచ్చేశాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడన్న కబురు కూడా ఉత్తరంలోనే వచ్చింది.

డిప్లొమా అయ్యాక హార్వర్డ్‌లోనే జీవరసాయన విభాగంలో చేరారు. దానికి పెద్ద ఆటో ఫోలిన్. రక్తంలో, మూత్రంలో ఏది ఎంతుందో రంగుల ద్వారా కొలవడంలో అప్పట్లో ఆయనే దిక్కు. ఆ విభాగంలో సైరస్ ఫిస్కే అనే అధ్యాపకుడి దగ్గర సుబ్బారావుని పెట్టారు. ఇచ్చిన పని పైకి చూస్తే చప్పగా ఉంటుంది: ఫాస్ఫరస్‌ని కొలిచే మంచి పద్ధతి ఒకటి తయారుచేయాలి.

మన ల్యాబుల్లో ఇలాంటి పనిని చిన్నచూపు చూస్తాం. కొత్త మందు కనిపెట్టడం గొప్ప, కొలిచే పద్ధతి సరిచేయడం గుమస్తా పని అనుకుంటాం. నాకైతే ఆయన జీవితంలో అసలు మలుపు ఇక్కడే ఉందనిపిస్తుంది.

అంతకు ముందు కూడా మాలిబ్డేట్ నీలం ఉంది. హైడ్రోక్వినోన్ లాంటివి వేసి రంగు తెప్పించేవారు. ఆ రంగు నెమ్మదిగా వచ్చేది, నమూనాలోని ఇతర పదార్థాలు దాన్ని చెడగొట్టేవి. ఫిస్కే, సుబ్బారావు దాని బదులు అమైనోనాఫ్థాల్ సల్ఫోనిక్ ఆమ్లం పెట్టారు. కొద్ది నిమిషాల్లో స్థిరమైన నీలం వచ్చేసేది. మొత్తం ఫాస్ఫరస్ కావాలంటే ముందు నమూనాని సల్ఫ్యూరిక్ ఆమ్లంలో మరగబెట్టి సేంద్రియ పదార్థాన్ని ఛిద్రం చేయాలి. సీఓడీ బెంచ్ మీద ఆమ్లంలో మరగబెట్టడం గుర్తొచ్చింది కదా? అక్కడ ఛిద్రం చేయడానికి ఎంత ఆక్సిజన్ పట్టిందో లెక్క, ఇక్కడ ఛిద్రమయ్యాక మిగిలిన ఫాస్ఫరస్ లెక్క. బ్లాంక్, స్టాండర్డ్ రెండు చోట్లా ఉండాల్సిందే.

అప్పుడు డిజిటల్ తెరలు లేవు. డ్యూబాస్క్ కలరీమీటర్ కంటి దగ్గర పెట్టుకుని, ఒక సగంలో స్టాండర్డ్ నీలం, రెండో సగంలో నమూనా నీలం చూస్తూ, రెండూ ఒకటిగా కనిపించేదాకా మర తిప్పాలి. రోజుకి ఎన్ని నమూనాలో అన్నిసార్లు. 1925లో ఆ పద్ధతి జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలో అచ్చయింది. జీవరసాయన శాస్త్రంలో ఎక్కువమంది ఉదహరించిన పత్రాల్లో అదొకటి. తర్వాత దశాబ్దాల తరబడి ఆసుపత్రి ల్యాబుల్లో రక్తంలోని ఫాస్ఫరస్ చూడటానికి ఫిస్కే-సుబ్బారావు పద్ధతే వాడారు. నీటి ల్యాబుల్లో ఇప్పుడు ఎక్కువగా ఆస్కార్బిక్ ఆమ్లం వాడతారు, కానీ నీలం ఆ నీలమే.

అసలు సంగతి ఆ తర్వాత జరిగింది. ఆ పద్ధతితో కండరంలోని ఫాస్ఫేట్ కొలుస్తున్నారు. స్టాండర్డ్‌లో నీలం ఠక్కున వచ్చి ఆగిపోతోంది. కండరం నమూనాలో మాత్రం వచ్చిన నీలం ఆగడం లేదు, ఇంకా ఇంకా ముదురుతోంది. ఐదు నిమిషాలకి చూస్తే ఒక అంకె, కాసేపాగి చూస్తే ఇంకో అంకె. మీరే ఆ బెంచ్ దగ్గరుంటే ఏం చేస్తారు? మనలో చాలామంది రీడింగ్ తప్పనుకుంటాం, పారబోసి మళ్లీ చేస్తాం. లేదా అందరూ ఐదు నిమిషాలకే చూస్తున్నారు కాబట్టి మనమూ అదే రాసి సంతకం పెడతాం. అంతకుముందు వాళ్లు అలాగే చేశారు. ఆ ఫాస్ఫేట్ అంతా మామూలు ఫాస్ఫేటే అనుకున్నారు.

వీళ్లిద్దరూ ఆ ఆలస్యాన్ని పట్టుకున్నారు. తమ పద్ధతి మీద నమ్మకం ఉంది కాబట్టే, తేడా పద్ధతిలో లేదు, నమూనాలోనే ఉందని తేల్చుకోగలిగారు. కండరంలో ఏదో ఫాస్ఫరస్ సమ్మేళనం ఉంది, అది ఆమ్లంలో మెల్లమెల్లగా విరిగి ఫాస్ఫేట్‌ని వదులుతోంది, అందుకే నీలం ముదురుతోంది. దాన్ని వేరు చేసి చూస్తే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ప్రకటించారు. కండరం పనిచేస్తే ఇది తగ్గుతోంది, విశ్రాంతి ఇస్తే మళ్లీ చేరుతోంది. కండరం శక్తికి మూలం లాక్టిక్ ఆమ్లమని అంతవరకూ నమ్ముతున్న సిద్ధాంతం కదిలిపోయింది. 1929లో ఏటీపీని కూడా వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ సొంతంగా అదే కనిపెట్టాడు. టెన్త్ బయాలజీలో కణానికి శక్తి కరెన్సీ అని మనం బట్టీ పట్టిన ఏటీపీ అదే.

నీటి ల్యాబ్ ఇంటర్వ్యూలకి వెళ్లేవాళ్లు ఇక్కడొక్క నిమిషం ఆగండి. కాలుష్య నియంత్రణ మండలి ల్యాబైనా, ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ప్రైవేటు ల్యాబైనా, ఫార్మా కంపెనీ శుద్ధి ప్లాంటైనా, తాగునీటి పథకం ల్యాబైనా సీఓడీ ఎలా చేస్తారో అప్పజెప్పమని ఊరుకోరు. బ్లాంక్ ఎందుకు పెడతారు? బ్లాంక్ కంటే నమూనాకి ఎక్కువ టైట్రెంట్ పడితే దానర్థం ఏంటి? రిఫ్లక్స్ సగంలోనే ద్రావణం పచ్చగా మారిపోతే ఏం చేస్తారు? (డైక్రోమేట్ అయిపోయిందని అర్థం, నమూనాని పలుచన చేసి మళ్లీ మొదలెట్టాలి.) ఉప్పునీళ్లలో అంకె ఎందుకు పెరుగుతుంది? ఇవీ అడుగుతారు. రీడింగ్ వింతగా వచ్చినప్పుడు మీరేం చేస్తారన్నదే వాళ్లకి కావాలి.

మళ్లీ హార్వర్డ్‌కి వద్దాం. 1930లో పీహెచ్‌డీ వచ్చింది. పేరు మాత్రం రాలేదు. అక్కడ శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. ఆ ల్యాబులోనే చదువుకుని తర్వాత నోబెల్ అందుకున్న జార్జి హిచింగ్స్ దశాబ్దాల తర్వాత ఒక మాట బయటపెట్టారు. సుబ్బారావు అప్పట్లో వేరుచేసిన కొన్ని పదార్థాల సంగతి ఫిస్కే వెలుగులోకి రానివ్వలేదని, వాటిని ఏళ్ల తర్వాత వేరేవాళ్లు మళ్లీ కొత్తగా కనిపెట్టాల్సి వచ్చిందని దాని సారాంశం. సుబ్బారావు ఎక్కడా దీని గురించి రచ్చ చేయలేదు. చేయాల్సిందేమో అని మనకి అనిపిస్తుంది. పైగా ఏటీపీ అంతా ఫిస్కే పనేనని చెప్పి, హార్వర్డ్‌లో ఆయన పదవి నిలబడటానికి సాయపడ్డారని కూడా జీవితకథలు రాసినవాళ్లు చెబుతారు. అది మంచితనమా, పరాయి దేశంలో ఒంటరి మనిషి లెక్కా? తేల్చడం కష్టం.

1940లో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లో లెడర్లీ ల్యాబొరేటరీస్‌కి మారారు. కొద్దికాలంలోనే పరిశోధన విభాగం అధిపతి అయ్యారు. ఆ తర్వాతి ఎనిమిదేళ్ల గురించే మామూలుగా అందరూ రాస్తారు, కాబట్టి త్వరగా చెప్పేస్తాను. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అది ఏ జబ్బుకి పనికొచ్చిందో తెలుసా? రక్తహీనతతో పాటు స్ప్రూకి. అన్నదమ్ములిద్దర్నీ తీసుకుపోయిన జబ్బు. వాళ్లు పోయిన పాతికేళ్లకి మందు దొరికింది.

ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే అమైనోప్టెరిన్‌ని ఆయన బృందమే తయారుచేసి బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్‌కి ఇచ్చింది. ల్యుకేమియాతో ఉన్న పిల్లల్లో దాంతో జబ్బు తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గిందని 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించారు. క్యాన్సర్ కీమోథెరపీకి తొలి అడుగుల్లో అదొకటి. రిటైరైన వృక్షశాస్త్ర ప్రొఫెసర్ బెంజమిన్ డగ్గర్‌ని, డెబ్బై దాటాయని చూడకుండా, ల్యాబులోకి తీసుకున్నారు. ఆయన మట్టి నమూనాలు వెతికి ఆరియోమైసిన్ పట్టుకున్నారు. టెట్రాసైక్లిన్ల కుటుంబంలో అది మొదటిది. 1947లో ఫైలేరియాకి హెట్రజాన్ వచ్చింది. మన ఊళ్లలో బోదకాలు నివారణకి ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి మింగించే డీఈసీ మాత్ర అదే. అది మింగినవాళ్లలో ఆయన పేరు తెలిసినవాళ్లు ఎంతమందో!

ఈ మందులు వచ్చినప్పుడు పత్రాల్లో ముందు పేర్లు సహచరులవే. ఫొటోలకి నిలబడటం ఆయనకి ఇష్టముండేది కాదు. తన పేరు పక్కన పెట్టిన రోజుల్ని చూసినవాడు కాబట్టి, తన కింద పనిచేసేవాళ్లకి అది జరగనివ్వకూడదనుకున్నారేమో. ఇది నా ఊహే.

1948 ఆగస్టులో ఒక ఉదయం ఆయన నిద్రలేవలేదు. గుండెపోటు. వయసు 53. అన్ని మందులు ఇచ్చిన దేశంలో చివరిదాకా ఆయన పౌరుడు కాలేదు. వచ్చేటప్పుడు అనుకున్నది కొన్నేళ్ల చదువు మాత్రమే, చదువయ్యాక ఇంటికి వెళ్లిపోవాలని. ఇరవై ఆరేళ్లలో ఒక్కసారి కూడా తిరిగి రాలేదు. శేషగిరి గారు పెళ్లయ్యాక భర్తతో గడిపింది మూడేళ్లు. ఆ తర్వాత ఉత్తరాలు, కొన్నాళ్లకి అవీ తగ్గిపోయాయి. ఆయన పోయిన వార్త కూడా ఆమెకి దూరం నుంచే చేరింది.

1995లో, పుట్టి వందేళ్లయిన సందర్భంగా, తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది. ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ స్ప్లెండెన్స్ అని శాస్త్రీయ నామం ఉంది. ఇంకా ఏదైనా గుర్తు కావాలంటే, ఫాస్ఫేట్ పరీక్ష చేసే నీటి ల్యాబుకి వెళ్లి, మాలిబ్డేట్ వేసిన గొట్టాన్ని స్టాండులో పెట్టి ఓ ఐదు నిమిషాలు చూడండి. తర్వాత ఇంకో ఐదు నిమిషాలు కూడా చూడండి, నీలం ఆగిందో లేదో.